టచప్ మాస్టారి మసక తెర

స్టూడియోలో ఆయన్ని అందరూ టచప్ మాస్టారు అనేవాళ్లు. మొటిమలు తీసెయ్యడం, మూసుకున్న కళ్లు తెరిపించడం, ఎడమొహం పెడమొహంగా నిలబడ్డ దంపతుల్ని దగ్గరికి జరపడం ఆయన పని. ఆ పనితనం మీద కాస్త గర్వం కూడా ఉండేది, ఎందుకుండకూడదు?

భార్య పోయాక ఆ గర్వమూ పోయింది, ఆకలీ పోయింది. ఏడుపు మాత్రం రాలేదు. పరామర్శకొచ్చినవాళ్లు గుండె రాయి చేసుకున్నాడని మెచ్చుకున్నారు. అందుకోసం ఆయన చేసిందేమీ లేదు. పెడితే తిన్నాడు, తెల్లారితే పనికెళ్లాడు.

అమ్మ ముఖం మరిచిపోతానేమోనని కూతురికి బెంగ. గోడకు పెట్టుకోవడానికి ఒక ఫొటో పెద్దది చేసి తెమ్మంది. జబ్బు బయటపడక ముందు డాబా మీద తీసింది ఒకటుంది. మాస్టారు దాన్ని తెరిచి, చీకటిగా ఉందనుకుని, అలవాటు కొద్దీ వెలుగు పెంచుతూ పోయాడు. ప్రింటులో ముఖం సున్నం కొట్టినట్టు వచ్చింది.

"ఈవిడెవరు నాన్నా?" అంది కూతురు.

ఆయనకు బాధ కూడా కలగలేదు. ప్రింటర్ సంగతి చూస్తానన్నాడు.

ప్రింటర్ నిక్షేపంలా ఉంది. ఇక మిగిలింది ఏళ్ల తరబడి తన ఎదుట కూర్చున్న పాత మానిటర్. బ్రైట్‌నెస్ చూస్తే నూటికి నూరూ పెట్టేసి ఉంది. ఎప్పుడు అంత పెంచాడో ఆయనకే గుర్తులేదు. కేబుల్ మార్చాడు, ఓనరు కంప్యూటర్‌కి తగిలించాడు, అదే మసక. ఓనరు దాన్ని పారేసి కొత్తది కొందామన్నాడు. మాస్టారు విననట్టే గదిలో లైటు ఆర్పి, టార్చి ఏటవాలుగా తెర మీద వేశాడు. వెలుగు పడ్డంత మేరా బొమ్మ చక్కగా కనిపించింది. బొమ్మకేం రోగం లేదు, వెనకున్న దీపాలే నీరసించాయి.

ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, వెనక మూత తీశాడు. పుల్లల్లాంటి ట్యూబులు రెండూ చివర్లు మాడి నల్లబడ్డాయి. ఒక్కసారిగా ఆరిపోతే ఎవరికైనా తెలుస్తుంది. రోజుకింత తగ్గుతూ పోతే కన్ను దానికే అలవాటు పడిపోతుంది. మూలనపడ్డ అదే సైజు మానిటర్‌లోంచి మంచి ట్యూబులు తీసి అతికించి, స్విచ్ వేశాడు. తెర పట్టపగల్లా వెలిగింది.

ఆయన చెయ్యి పడని అసలు ఫొటో తెరిచాడు. అందులో చీకటే లేదు. ఎండ దండిగా ఉంది. కళ్ల కింద నలుపు, లోపలికి పోయిన బుగ్గలు, పచ్చగా పాలిపోయిన చర్మం. నీడలనుకుని తను చెరిపేసినవన్నీ ఆవిడవే. తీసిన రోజునే ఇదే తెర మీద చూసి, వెలుగు పెంచి, ఎంత బాగున్నావో చూడమని ఆవిడకు చూపించి మురిసిపోయాడు కూడా.

ఏ దిద్దుబాటూ చెయ్యకుండా ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్లాడు.

"అమ్మే," అంది కూతురు. కాసేపు చూసి, "అప్పటికే ఇంత నీరసంగా ఉందా?" అని అడిగింది.

"వెలుగు చాల్లేదనుకున్నానమ్మా," అన్నాడు మాస్టారు. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.