ఆయన కుడి చెవి

పోయిన మంగళవారం తెల్లవారుతూనే మా ఆయన పోయారు. విజయనగరంలో ఆయన్ని ఎరిగినవాళ్ళకి ఈపాటికి కబురు అంది ఉంటుంది, అందనివాళ్ళ కోసం రాస్తున్నాను. మొగుడి పేరు పలకకూడదని పెంచారు నన్ను. యాభై ఏళ్ళకు పైగా పలకలేదు, ఇక్కడా రాయను. అలా పలకనందుకు ఆయనకేమైందో మాత్రం చెబుతాను.

అరవైల చివర్లో మా పెళ్ళైన కొత్త. ఆయన నెల్లిమర్ల మిల్లులో గుమాస్తా, రోజూ సైకిలు మీదే వెళ్ళొచ్చేవారు. ఆదివారం వస్తే సైకిలు నా చేతికిచ్చి తాను వెనక క్యారేజీ మీద కూర్చునేవారు. "ఆరు రోజులు నేను తొక్కినాను. ఇయ్యాల నువ్వు తొక్కే, నేను ఊరు సూస్తాను" అనేవారు. నేను చీర గోచి పెట్టి కోట పక్కనుంచి, మూడులాంతర్ల మీదుగా గంటస్తంభం దాకా నింపాదిగా తొక్కుతుంటే, ఆయన వేరుశనక్కాయలు ఒలిచి నా భుజం మీదుగా నోటికందించేవారు. ఎవరైనా నవ్వితే వాళ్ళకీ నాలుగు కాయలు ఇవ్వబోయేవారు. ఆయనకి కోపం తక్కువ. ఆ లోటు నేను తీర్చేదాన్ని.

మా పెద్దన్నకి గంటస్తంభం దగ్గర బట్టల కొట్టు ఉండేది. చెల్లెలు గోచి పెట్టి మొగుణ్ణి మోసుకెళ్తుంటే బేరానికొచ్చినవాళ్ళు నవ్వుతున్నారని రెండుసార్లు మా ఇంటికొచ్చి తిట్టిపోయాడు. మూడోసారి తిట్టలేదు.

ఆ ఆదివారం సోడాబండి దగ్గర ఆగాం. ఆయన సోడా తాగుతున్నారు, నేను ఆయన కుడివైపు సైకిలు పట్టుకుని నిలబడ్డాను. ఎడమవైపున్న కొట్లోంచి మా అన్న బట్టలు కొలిచే ఇనప గజంబద్ద పట్టుకుని దిగడం చూశాను. పేరు పెట్టి ఒక్క కేక వేసుంటే, ఎన్నడూ వినని పేరు నా నోట విని, బెదిరి పక్కకు దూకేవారు. కానీ నోటికొచ్చింది రోజూ అనే మాటే, "ఇదిగో, మిమ్మల్నే" అని. నాకూ సోడా కావాలేమో అనుకుని నవ్వుతూ నావైపు తిరిగారు. దెబ్బ ఎడమ చెవి మీద పడింది.

సోడాబుడ్డి పగిలింది. చెవిలోంచి రక్తం కారి కాలరు తడిసిపోయింది. అన్న మళ్ళీ బద్ద ఎత్తాడు. నేను సైకిలు వదిలేసి, దానికున్న గాలిపంపు లాగి వాడి మోకాలి మీద కొట్టాను. కూలబడ్డాక కూడా కొట్టాను. అబద్ధమెందుకు, చంపేయాలనే కొట్టాను. ఆయనే నెత్తుటి చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. "సాలు, ఇంక కొట్టకు. సైకిలెక్కు, ఆస్పత్రికి తోలు" అన్నారు. ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని ఆ బజారులోంచే తొక్కాను. ఆవేళ ఎవరూ నవ్వలేదు.

ఆ చెవికి మళ్ళీ వినబడలేదు. కట్టు విప్పిన ఆదివారమే ఆయన సైకిలు తుడిచి బయటికి తీశారు. నేను రానన్నాను, నా నోటి వల్లే మీ చెవి పోయిందని ఏడ్చాను.

"ఏటే నీ ఏడుపు? పేరు పలకలేవు, సరే. బెల్లు కొట్టు. కుడిసెవి ఉన్నాది కదా, ఇనిపిస్తాది."

అప్పట్నుంచీ బెల్లే మా పిలుపు. దారిలో గుంత వస్తే ఒకసారి, అన్నం వడ్డిస్తే రెండుసార్లు. తొక్కే ఓపిక పోయాక ఆ బెల్లు ఊడదీసి వంటింటి ద్వారబంధానికి బిగించారు. మా అన్నతో రాకపోకలు కలిపిందీ ఆయనే. నేను కాఫీ ఇచ్చేదాన్ని, అంతే. మనసులో ఏనాడూ క్షమించలేదు. నన్ను ఊరంతా సైకిలు తొక్కనిచ్చిన మనిషి అన్నీ మరిచిపోయారు, నేనే మరవలేకపోయాను.

మాకు పిల్లల్లేరు. పెద్దదిక్కుగా పాడె ముందు ఎనభై దాటిన మా అన్నే నడిచాడు. ఆడవాళ్ళం గుమ్మం దగ్గరే ఆగిపోయాం. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, ప్రాణముందేమోనన్న ఆశతో చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. తిరిగొచ్చాక ఎవరు పిలిచారని మేనల్లుణ్ణి అడిగాను. "నాన్నే పిలిసినాడత్తా" అన్నాడు. ఏ చెవిలో అని అడిగాను.

"ఎడమ సెవిలో."

కొట్టినవాడికి ఏ చెవో గుర్తులేదు. అరుగు మీద కాళ్ళు కడుక్కుంటున్నాడు. చేతికేదైనా దొరికుంటే మళ్ళీ కొట్టేదాన్నే. వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి మూడుసార్లు బెల్లు కొట్టాను. మూడోసారి మోత ఆగకముందే, ఆయన పేరు గట్టిగా పలికాను.

అరుగు మీద మా అన్న తలెత్తి చూశాడు. నా వేలి కింద బెల్లు మూత ఇంకా వణుకుతూనే ఉంది.