రెండు కప్పుల బొమ్మ

ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని మాట ఒకటుంది: ఆ కార్డును నేను కూడా ఒక ప్రశ్న అడిగాను. ఆ రోజుల్లో, అరవైల చివర్లో, మనుషులను అడగవలసినవన్నీ డైరీని అడిగే అలవాటు నాది. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో, నాకంటే ఏడాది పైన చదివే నా రూమ్మేట్‌కు ఆ జబ్బు లేదు. వాళ్ల నాన్న ఊళ్లో పటేలు కాబట్టి అందరూ ఆమెను పటేలమ్మ అనేవాళ్లు. మెస్సులో చారు మరీ పలచనైతే మేట్రన్‌నే పిలిచి తాగించేది.

తార్నాకలో అద్దెకుండే ఒక అమెరికా ఆవిడకు సాయంత్రాలు నేను తెలుగు అక్షరాలు దిద్దించేదాన్ని. ఆమె దగ్గర జోస్యం చెప్పే పేకముక్కలుండేవి, టారో అంటారట. ఒకరోజు నాచేత ఒకటి తీయించి, "ఇది జంట కుదరడం గురించి. తీసుకెళ్లి చూస్తూ ఉండు, అర్థం నీకే తడుతుంది" అంది. (ఏమీ తట్టడం లేదని చెప్పడానికి మొహమాటపడి తల ఊపాను.) బొమ్మలో ఒక అబ్బాయీ అమ్మాయీ ఎదురెదురుగా చెరో కప్పు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో కర్రకు చుట్టుకున్న రెండు పాములు, పైన రెక్కలున్న సింహం తల.

అది పటేలమ్మ కంటపడకూడని సమయంలో పడింది. ఆదివారం వాళ్లన్న పెళ్లికొడుకును తీసుకొస్తున్నాడు. కరెంటాఫీసులో ఉద్యోగం. తనను ఎం.ఏ. పూర్తి చెయ్యనిస్తాడో లేదో తెలియక ఆమెకు నిద్ర పట్టడం లేదు.

"పాములేందే గిందుల? సర్పదోషమా?"

"కాదేమో. విద్యానగర్‌లో డాక్టరు బోర్డు మీద ఇలాంటివే ఉంటాయి."

"గాయన డాక్టర్ కాదు కద. మరి సింహానికి రెక్కలేంది? యాదగిరి నర్సింహస్వామికి గూడ లేవు. గన్ని పుస్తకాలు చదువుతవు, జర చెప్పరాదు."

లైబ్రరీలో వెతికాను. పాము ఒక పుస్తకంలో జబ్బు, ఇంకో దాంట్లో మందు. సింహం ధైర్యమట, గర్వమట, సూర్యుడట. అన్నీ డైరీలో ఎక్కించుకుని గదికి మోసుకొచ్చింది అయోమయమే. ఈలోగా పటేలమ్మే ఒకటి కనిపెట్టింది: బొమ్మలో అబ్బాయి చెయ్యి అమ్మాయి కప్పు వైపు చాచి ఉంది. "ఇస్తుండా, గుంజుకుంటుండా?" అంది. దీపం దగ్గర పెట్టి, తలకిందులుగా పెట్టి చూశాం. తేలలేదు.

ఆదివారం తార్నాకలోని ఇరానీ హోటల్లో, ఆడవాళ్లకని తెర కట్టిన చోట నలుగురం కూర్చున్నాం. (నన్ను తోడు తీసుకెళ్లింది పెళ్లికొడుకును చూడ్డానికి కాదు, అతని చేతిని చూడ్డానికి.) చాయ్ వచ్చింది. అతను పటేలమ్మ కప్పు వైపు చెయ్యి చాచాడు. ఆమె గోళ్లు నా మోకాలిలో దిగాయి. అతను ఆ కప్పు తన వైపు లాక్కుని, తనది ఆమె ముందుకు జరిపి, గోడకేసి చూస్తూ "ఈగ పడ్డది" అన్నాడు.

ఇది ఇవ్వడమా, గుంజుకోవడమా? నేనింకా ఆలోచిస్తుండగానే పటేలమ్మ, "నేను ఎం.ఏ. పూర్తి చేస్త. మీకేమన్న అభ్యంతరం ఉన్నదా?" అని అడిగేసింది. వాళ్లన్న ముంచుకున్న బిస్కెట్ చాయ్‌లోనే ఉండిపోయింది. అతను ఈగను చూస్తూనే, "నాకేం అభ్యంతరం? పెండ్లి పరీక్షలయినంకనే పెట్టుకుందాం" అన్నాడు. అంతే. సింహంతో పనే పడలేదు.

నా ప్రశ్న, లైబ్రరీలో నా ఎదుటి కుర్చీలో కూర్చునే అబ్బాయి గురించి. నా పెన్నులో సిరా అయిపోతే తన సిరాబుడ్డి నా వైపు జరిపి, మళ్లీ తల దించుకునేవాడు. అది దేనికి గుర్తో ఏ పుస్తకంలోనూ లేదు. సెలవుల తరువాత వెళ్లేసరికి ఆ కుర్చీలో వేరెవరో ఉన్నారు. బుడ్డి వైపు చూస్తూ కూర్చున్న అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా.

ఆ సెలవులకు ముందే, పరీక్షలైన రోజు, పటేలమ్మ ట్రంకుపెట్టెతో రిక్షా ఎక్కింది. నేను ఆ అబ్బాయి సంగతి ఆమెకెప్పుడూ చెప్పలేదు. అయినా కార్డు నా చేతిలో పెట్టి, గుప్పిట మూసి అంది:

"గిది ఆ అమెరికా దొరసానికి ఇచ్చెయ్. ఎవర్ని అడగాల్నో గాళ్లనే అడుగు పిల్లా, చాయ్ సల్లారకముందే."