ఆంటీకి చదివిపెట్టని వాక్యం

మంగళవారం పొద్దున మా కింది వాటా ఆంటీ ప్రభువునందు నిద్రించారు. అప్పటికే నేను స్టూడియోకి బయల్దేరి ఫిల్మ్ నగర్ దాకా వెళ్లిపోయాను. ఆవిడ కూతురు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ లేదు ఇగ" అని ఒక్కమాట చెప్పింది. ఆటో వెనక్కి తిప్పించుకుని కృష్ణానగర్ వచ్చేసరికి ఆవిణ్ణి చాప మీద పడుకోబెట్టి తెల్లచీర కప్పారు.

ఆంటీ షేక్‌పేటలో పుట్టిన మనిషి. ముప్పై ఏళ్లు సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్‌గా పనిచేశారు. నేను డబ్బింగ్ చెప్పుకుందామని గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చి, వాళ్ల పై వాటాలో దిగాను. నేనూ క్రైస్తవురాలినేనని తెలిశాక ఆవిడ నన్ను వదల్లేదు. నేను చెప్పులు వేసుకునే వేళకి మెట్ల దగ్గర నిలబడేవారు.

"జర ఆగు బిడ్డా. ప్రార్థన జేసుకొని పో."

"టైమైపోతోంది ఆంటీ."

"డైరెక్టర్‌కు టైముకు మొకం చూపిస్తవు. దేవునికి చూపియ్యవా?"

నా తల మీద చెయ్యి పెట్టి రెండే ముక్కలు ప్రార్థించేవారు. ఆ చేతికి ఎప్పుడూ హెయిర్ స్ప్రే వాసన. సెట్లోనూ అంతేనట, ఎవరికి జడ వేసినా ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. "ఆమెకు తెల్వకుండ ఆమె కోసం ఒక మాట చెప్పుకుంట" అనేవారు.

నాన్నకు జబ్బు చేసినప్పుడు ఆంటీ నాతోపాటు ఉపవాసం ఉండి ప్రార్థించారు. నాన్న బతకలేదు. ఊరినుంచి నేను తిరిగొచ్చిన రోజు ఆవిడ అన్నం, చారు పట్టుకుని పైకొస్తే, గిన్నె అందుకోకుండానే అన్నాను. "ఇంక నా దగ్గర ప్రార్థన మాటెత్తకండి ఆంటీ. ఏం లాభమైంది?"

ఆవిడ మెట్టు మీద కూర్చున్నారు. "మా ఆయన కోసం నేను గూడ అడిగిన బిడ్డా. ఇయ్యలే. విశ్వాసమంటే అడిగింది దొరుకుడు గాదు. దొరకకపోయినా దేవుని చెయ్యి ఇడువకపోవుడు."

ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. చర్చి మానేశాను. ఆవిడ మళ్లీ నన్ను ఆపలేదు గానీ, తెల్లవారుజామున ఆవిడ ప్రార్థన కిటికీలోంచి పైకి వినిపించేది. "పైనున్న బిడ్డకు నీ మీద కోపమున్నది ప్రభువా. నువ్వే జర ఓర్చుకో." దుప్పటి ముసుగులో నాకు నవ్వొచ్చేది. వెంటనే ఏడుపూ వచ్చేది. కిందికి మాత్రం దిగలేదు.

కిందటేడు షుగరు వల్ల ఆంటీకి చూపు పోయింది. కూతురు పొద్దున్నే పనికి వెళ్లిపోతుంది. "అందరికి గొంతిస్తవు గదా, నాకు రోజుకింత వాక్యం సదివిపెట్టు" అని నన్నడిగారు. సరేనన్నాను. ఒకరోజు పక్కన కూర్చుని బైబిల్లోంచి అయిదు వచనాలు చదివానో లేదో, స్టూడియో నుంచి ఫోను. "మిగిలింది రేపు సదువుదువుతీ" అన్నారు.

ఆ రేపు ఆవిడ పోయేదాకా, నాలుగు నెలలు సాగింది. సీరియళ్ల పని ఎక్కువగా ఉందని చెబుతూ వచ్చాను. నిజం అది కాదు. నమ్మకం లేకుండా చదివితే అదీ డబ్బింగే అవుతుందని, ఆవిడ చెవికి దొరికిపోతానని భయపడ్డాను. దొరికినా ఆంటీ ఏమీ అనుకునేవారు కాదు. ఆ సంగతి నాకప్పుడూ తెలుసు. రోజుకి పది నిమిషాల పని అది, మీకు చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

మూడో రోజు ఇంట్లోవాళ్లని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెట్టారు. ఆవిడ గదిలో పదిహేనుమందిమి ఇరుక్కుని కూర్చున్నాం. పాట అయ్యాక కూతురు నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు ప్రార్థన జెయ్యి. అమ్మ ఉంటే నిన్నే అడుగుతుండె."

కాదనలేక లేచాను. "ప్రభువా" అన్నాను. ఇన్నేళ్లుగా ఎవరెవరి ఏడుపో ఏడ్చిన గొంతు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఎవరూ కళ్లు తెరవలేదు. బయట సందులో షూటింగ్ వ్యాను ఒకటి హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. తలల మీద కొంగులు కప్పుకున్న ఆడవాళ్లంతా, నా రెండో మాట కోసం, అలాగే తలలు వంచుకుని కూర్చున్నారు.