నెత్తళ్ళ గోడ

టెక్కలిలో మా వంటింట్లో ఎండు నెత్తలి చేపలు వేయిస్తే వాసన వీధి చివరిదాకా వెళుతుంది. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు, మూసుకోనీండి; నాకు మాత్రం ఆ వాసన తగలగానే నేను పుట్టిపెరిగిన భావనపాడులో మా బడిదారి కళ్ళముందుకొస్తుంది. ఈమధ్య మరీ గుర్తొస్తోంది, ఎందుకంటే మూడో తరగతి చదివే మా అమ్మాయి, ఆటో వద్దు, నడిచే బడికి వెళతానని మంకుపట్టు పట్టింది. బడి దగ్గరే. సరే, ఈ వీధుల్లో పిల్లలు నడవగలరో లేదో ముందు నీతో ఒకసారి నడిచి చూసి చెబుతానన్నాను.

మా ఊళ్ళో బడిదారంటే రేవు నుంచి పైకొచ్చే రోడ్డే. చలికాలం పొద్దున్నే తడి ఇసుక పాదాలకంటుకుంటుంటే, జేబుల్లో గవ్వలు గలగలలాడించుకుంటూ, గంగమ్మ పండగ మర్నాడైతే మిగిలిన బూరెలు నములుకుంటూ, ఎండలు ముదిరాక జీడిపళ్ళ రసం చొక్కాల మీద కార్చుకుని, ఇంటికెళ్ళి తినబోయే దెబ్బలకి ముందే ఏడుపు సాధన చేసుకుంటూ గుంపుగా నడిచేవాళ్ళం. అదే రోడ్డు మీద రేవుకి ఐసు లారీలొచ్చేవి. వాటికి పిల్లలూ ఒకటే, కోళ్ళూ ఒకటే.

ఒకరోజు లారీ నా సంచిని రాసుకుంటూ పోయింది. బురదలో పడ్డాను, పలక ముక్కలైంది. అమ్మ నన్ను ఒళ్ళంతా తడిమి చూసి, బావురుమని ఏడ్చి, చివరికి తేల్చేసింది.

"సదువూ నేదు, సట్టుబండలూ నేదు. రేపట్నుంచి ఇంటికాడే ఉండు."

బడంటే నాకు ప్రాణం. ఆ పూట అన్నం ముట్టలేదు.

అమ్మకి అక్క, నూకమ్మ పెద్దమ్మ, ఆ రోడ్డు పక్కనే చేపలు ఎండబెట్టేది. మనిషి పొట్టి, గొంతెత్తితే మాత్రం సముద్రం హోరు కూడా వినపడేది కాదు. సంగతి తెలిసి మా ఇంటికొచ్చింది. "దారి బాగోకపోతే దారిని బాగుసెయ్యాలి గానీ, పిల్లకి బడి మానిపిత్తావేటే?" అని అమ్మ మీద కేకలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున చూద్దును కదా, ఎప్పుడూ ఇళ్ళ గోడలవార ఎండే నెత్తళ్ళు రోడ్డు వైపుకి జరిగి ఉన్నాయి! పాత వల పొడుగ్గా పరిచి, దాని మీద చేపలు ఆరబోసి, ఇళ్ళకీ చేపలకీ నడుమ ఇద్దరు పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచేంత సందు వదిలింది పెద్దమ్మ. ఆమెని చూసి మిగతా ఆడవాళ్ళూ జరిపారు. నాలుగు రోజుల్లో ఆ సందు బడి గుమ్మందాకా సాగింది. అమ్మ ఒకసారి నాతో నడిచి చూసి, మర్నాడు నా సంచి తనే నా భుజానికి తగిలించింది.

పిల్లల్ని చూసి ఏనాడూ బ్రేకు వెయ్యని డ్రైవర్లు చేపల్ని చూసి వేసేవారు. వెయ్యక చస్తారా! చక్రం కింద ఒక్క నెత్తలి నలిగినా పెద్దమ్మ లారీకి అడ్డంగా నిలబడి, "సేపలు తొక్కెత్తన్నావు, కళ్ళు కనపడ్డం నేదేట్రా!" అని ఊరు లేచిపోయేలా అరిచేది. వానలకి చేపలు ఎండని రోజుల్లో కూడా ఖాళీ వలలు అక్కడే పరిచి ఉంచేది. మేం మాత్రం ఆ సందులో ఒంటికాలి మీద గెంతుకుంటూ, చీర చెంగుతో కాకుల్ని తోలే ఆడవాళ్ళతో తిట్లు తింటూ, మహారాజుల్లా బడికి వెళ్ళేవాళ్ళం. అంత ధీమాగా నేను మళ్ళీ ఏ రోడ్డు మీదా నడవలేదు.

ఇప్పుడు అక్కడ చేపలు సిమెంటు అరుగుల మీద ఎండుతున్నాయి, శుభ్రంగానే ఉంది. పెద్దమ్మ లేదు. రోడ్డు వెడల్పైంది, సందు పోయింది.

మొన్న సోమవారం అమ్మాయి చెయ్యి పట్టుకుని టెక్కలి వీధిలోకి దిగాను. రోడ్డంచున తెల్లగీత ఉంది, దాని మీద వరసగా మోటారు సైకిళ్ళున్నాయి. కాలవ మీద పలకలు విరిగి ఉన్నాయి. "అమ్మా, నేనెక్కడ నడవాలి?" అంది పిల్ల. బళ్ళని తప్పించుకుంటూ రోడ్డు మీదకి దిగాం. బడి మలుపులో ఇటుకల లారీ ఒకటి మా మీదకే వచ్చేస్తోంది. పిల్లని వెనక్కి లాగాను. ఎక్కడ దాగుందో ఇన్నేళ్ళూ, నా గొంతులోంచి పెద్దమ్మ గొంతు తన్నుకొచ్చింది.

"సేపలు తొక్కెత్తన్నావు, కళ్ళు కనపడ్డం నేదేట్రా!"

లారీ కీచుమని ఆగింది. డ్రైవరు నెరిసిన జుట్టు మనిషి, కంగారుగా కిందకి వంగి చక్రాల ముందు వెతికాడు.

"సేపలేవమ్మా?" అన్నాడు.

"సేపలు నేవు బాబూ," అన్నాను. "పిల్ల ఉంది."