రికార్డులో నేర్చుకున్న ఎడిటర్

చీపురుపల్లి దగ్గర మా ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అంటే రికార్డు రాయడమే. కంప్యూటర్లు లేక కాదు. వాటి ముందే కూర్చుని, కీబోర్డు పక్కకు నెట్టి, సీనియర్ల రికార్డు చూసి మా రికార్డులోకి ఎక్కించేవాళ్లం. ఫైళ్లు రాసి దిద్దడానికి, మౌస్ లేకుండా కీబోర్డుతోనే నడిచే వీఐ ఎడిటర్‌ని కూడా నేను అలాగే నేర్చుకున్నాను. కమాండ్ల కింద ఎర్ర పెన్నుతో గీతలు, ఎడమ పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్ బొమ్మ. ఎన్నడూ చూడని స్క్రీన్‌కి బొమ్మ! టైపు చేద్దామని కూర్చుంటే సార్ కసిరేవారు.

"ఒసే, ముందు రికార్డు పూర్తి సెయ్యి. ఎగ్జామినర్ వచ్చి నీ టైపింగు సూస్తాడేటి?"

నిజమే, ఎగ్జామినర్ చూడలేదు. విశాఖపట్నంలో ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే చివరి రౌండులో చూశారు. ఆ ఉద్యోగం రాకపోతే పాతపట్నంలో మా కిరాణా కొట్లో కూర్చోవాలని ఇంట్లో ముందే తేల్చేశారు.

ఎక్కడో ఉన్న సర్వరుకు లాగిన్ చేసి నా ముందు పెట్టారు. ఫైల్లో ఒక లైను తప్పుంది, దిద్ది సేవ్ చెయ్యాలి, అంతే. నల్లటి స్క్రీన్. మెనూ లేదు, మౌస్ కదిపితే ఏమీ కదల్లేదు. అలాంటి సర్వర్ల మీద ఇలాంటి ఎడిటరే దిక్కని చదువుకున్నన్నాళ్లూ ఒక్కరూ చెప్పి చావలేదు. కమాండ్లన్నీ నాకు నోటికి వచ్చు. కానీ ముందు ఎస్కేప్ మీట నొక్కాలని వేళ్లకు తట్టక, సేవ్ చెయ్యడానికి కొట్టినవి అక్షరాలై ఫైల్లో పడ్డాయి. చెరపబోతే మంచి లైన్లు కూడా ఎగిరిపోయాయి. ఏడుపొచ్చింది.

పరీక్ష పెట్టినావిడది మా వైపే.

"ఏటమ్మా, కాలేజీలో ఇది సెప్పలేదేటి?" అంది.

"రాసేనండి. ఫుల్ మార్కులొచ్చేయి."

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఇప్పుడు కొట్లో బేరాలు పల్చబడ్డప్పుడు పాత ల్యాప్‌టాప్ తీసి ఆ ఎడిటర్‌తోనే పని చేస్తుంటాను. వారం తిరక్కుండానే వేళ్లకు వచ్చేసింది. నా కడుపు మండేది అక్కడే. ఇంత చిన్న పనికి అన్నేళ్ల చదువులో ఒక్క వారం దొరకలేదా? కంప్యూటర్లు చదివే పిల్లలారా, మార్కులు ఎలాగూ వేస్తారు. ముందు ఆ కీబోర్డు లాక్కుని కూర్చోండి.

మొన్న మా నాన్న పప్పు కొలుస్తూ నా వేళ్ల వైపు చూశాడు.

"వచ్చీసిందేటే అది?"

"వచ్చీసింది నాన్నా."

ఆయన ముఖం వెలిగిపోయింది. "మరింకేటి, ఎళ్లి వాళ్లకి సూపించు."

"ఆ ఉద్యోగం ఎవరికో ఇచ్చీసేరు నాన్నా" అన్నాను.