మా ఇద్దరికే తెలిసిన మలుపులు

ఎండాకాలం శామీర్‌పేట చెరువు అడుగంటితే చేపలు పట్టే మాకు ఊళ్ళో పని ఉండేది కాదు. అప్పుడు నేనూ నా బామ్మర్దీ సైకిళ్ళకు వలలు కట్టుకుని, నీళ్ళున్న చెరువులు వెతుక్కుంటూ పోయేవాళ్ళం. తొంభైల నాటి మాట ఇది. క్యారియర్ మీద బొంత, హ్యాండిల్‌కు సద్ది గిన్నె, ఒక గాలిపంపు, పంచర్ సామాను. మూడు నాలుగు రోజులకు గానీ ఇల్లు చేరేవాళ్ళం కాదు. తారు రోడ్డు ఎక్కేవాళ్ళమే కాదు. మేడ్చల్ రోడ్డు మీద లారీ వాడికి సైకిల్ మీదున్నవాడు మనిషిలా కనపడడు. మాకు బండ్ల బాటలు చాలు, చెరువు కట్టలు చాలు, కీసర దిక్కు గుట్టల సందులు చాలు. చీకటి పడితే ఎవరిదో మోటరు కొట్టంలో పడుకునేవాళ్ళం.

వాడు నాకంటే చాలా చిన్న. ఏ రాయి దగ్గర దిగాలో, ఏ ఇసుకలో బ్రేకు ముట్టకూడదో నా వెనక తొక్కుతూనే నేర్చుకున్నాడు. నేనేమో నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చినవాణ్ణి. ఆ కొత్తలో కనపడ్డ ప్రతి బోర్డు దగ్గరా సైకిల్ ఆపేవాణ్ణి. వాడు ముందుకు పోయి కేకేసేవాడు.

"బావా, నువ్వు సదివేలోపల ఊరే లేసిపోతది. జల్దీ రా!"

"నీకు రాదని కుళ్ళురా నీకు."

"నాకెందుకు? సదివి సెప్పనీకి నువ్వున్నవ్ గద."

రెండువేలు దాటిన తర్వాత పట్నం నుంచి గేర్ల సైకిళ్ళ వాళ్ళు రావడం మొదలైంది. లావు టైర్లు, సైకిల్ నడుముకు కట్టిన సంచులు, నెత్తిన టోపీలు. మొదటిసారి ముగ్గురు కట్ట మీద దారి తప్పి మాకు దొరికారు. అందులో ఒకామె అడిగింది, "తారు లేని దారి కావాలి అంకుల్, రెండు మూడు రోజులు తొక్కేలా" అని. పొట్టకోసం తొక్కే మాకు, సరదాకు రాళ్ళల్లో పడేవాళ్ళను చూస్తే నవ్వొచ్చింది. అయినా తీసుకుపోయాను. ఆ తర్వాత ప్రతి చలికాలం వచ్చేవారు. నేను ముందు, వాళ్ళు మధ్యలో, పడ్డవాళ్ళను లేపుతూ నా బామ్మర్ది చివర.

మా దారి మొత్తానికి ప్రాణం లాంటి ముక్క ఒకటుంది. శామీర్‌పేట వెనక నుంచి పటేలు వాళ్ళ భూమి గుండా పోయి మేడ్చల్ దిక్కు తేలే ఎర్ర మొరం బాట అది. నడుమ పగిలిన పెద్ద బండ ఉంటుంది. దాన్ని చుట్టి ఒక మలుపు తిరిగితే వాగులోకి దిగుతాం. వాగు పారుతుంటే తంగేడు పొదల కింద నుంచి ఇంకో అడ్డదారి ఉంది. ఆ ముక్క లేకుంటే ఇటు దారి ఇటే, అటు దారి అటే. మధ్యలో ఉన్నదంతా లారీల రోడ్డే. ఒకసారి ఆ బండ దగ్గర ఆ పట్నం ఆమె ఆగి, "ఈ దారి ఎవరు వేశారు?" అని అడిగింది.

"మా బావనే మేడం. తొక్కి తొక్కి ఏసిండు" అన్నాడు వాడు, తానే వేసినంత గర్వంగా.

ఇంతలో భూములకు రెక్కలొచ్చాయి. బౌరంపేట దిక్కు గోడలు లేచాయి. పటేలు కొడుకు కూడా ప్లాట్లు చేస్తానన్నాడు. వచ్చినవాళ్ళకు ప్లాట్లు చూపించే పని నా బామ్మర్దికి ఇచ్చాడు. వాడు మోటారు సైకిల్ కొన్నాడు. నాకేం బాధ లేదు, ఎవడి పొట్ట వాడిది. కానీ ఒకరోజు మా బాట మీద రాతి కడీలు పాతడం మొదలుపెట్టారు. నేను సర్పంచ్ దగ్గరికి పోయి, భూమి మీరు ఏమన్నా చేసుకోండి, బాట మాత్రం వదలండి అన్నాను.

మా దిక్కున బాట మీద తగువు వస్తే ఒక పద్ధతి ఉంది. ఆ బాట మీద తిరిగిన ఊరివాళ్ళు ఇద్దరు ముందు నడవాలి. ఇద్దరి అడుగులూ ఒక్క చోటే పడితే వెనక సున్నం పోసుకుంటూ వస్తారు. ఆ సున్నం గీత లోపలికి ఎవడూ కడీ పాతడు. ఒక్కడు నడిస్తే చెల్లదు. ఊళ్ళో ఆ బాట కొస నుంచి కొసదాకా తెలిసింది మా ఇద్దరికే. సర్పంచ్ నడకకు రోజు పెట్టాడు. ముందు రోజు వాడి ఇంటికి పోయాను.

"రేపు నువ్వు గూడ నడవాలెరా."

"నువ్వు పిలిస్తె రాకుంట ఉంటనా బావా? గంత పరాయోణ్ణా?" అన్నాడు. కూర్చోబెట్టి చాయ్ తాగించాడు.

పొద్దున సర్పంచ్, సర్వేయరు, పటేలు కొడుకు, ఊరివాళ్ళు పదిమంది వచ్చారు. నా బామ్మర్దీ వచ్చాడు. నేను ముందు నడిచాను. నాలుగు అడుగులేసి ఆగిపోయాను. బాటంతా దున్ని ఉంది. చేను మొత్తం కాదు, అటూ ఇటూ గడ్డి కూడా కదల్లేదు. బాట ఒక్కటే దున్నారు. వాగు దాకా పోయి చూశాం. బండ చుట్టూ మలుపు, వాగులోకి దిగే చోటు, ఆఖరికి తంగేడు పొదల కింద అడ్డదారి, ఒక్క జానెడు వదలకుండా ట్రాక్టర్ తిప్పారు. ఆ అడ్డదారి పటేలు కొడుకుకు తెలియదు. ట్రాక్టర్ వాడికి అసలే తెలియదు. ఎవరో ముందు నడిచి చూపించి ఉండాలి. చూపించగలిగినవాడు నా పక్కనే నిలబడ్డాడు.

"సారూ, గీ దున్నిన సాలే బాట. గంత సక్కగ వంకలు తిరుగుకుంట ఎవడన్న సేను దున్నుతడా?" అన్నాను.

"ఎందుకు దున్నిన్రో నాకేం ఎరుక పెద్దమనిషీ. రెండో ఆయన జెప్పాలె" అని సర్వేయరు వాడి వైపు తిరిగాడు.

వాడు బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, "గిక్కడ బాటేడిది సారూ? మా బావ ఎండలల్ల తిరిగి తిరిగి పరేషానైండు" అన్నాడు.

అందరూ నవ్వారు. సున్నం సంచి విప్పకుండానే వెనక్కి పోయింది.

ఆ వారంలోనే వాడు మా ఇంటికి వచ్చాడు. నా ఇంటామెకు తోడబుట్టినవాడు, రావద్దని ఎలా అంటాను? ఆమె కంచం పెట్టింది. వాడు అన్నం కలుపుతూ, "తియ్ బావా, ఇంకో బాట సూద్దాం. కీసర దిక్కు గుట్టలకేం తక్కువ?" అన్నాడు.

"నేను సూపెడత. నువ్వు దున్నిస్తవ్."

వాడు తిన్నంత తిని, చేయి కడుక్కుని పోయాడు. "గట్లనాలెనా? నా తమ్ముడాయె" అంది ఆమె తర్వాత. అనాలి కాబట్టే అన్నానని చెప్పాను.

చలికాలం పట్నం వాళ్ళు వచ్చారు. బాటకు అడ్డంగా లేచిన గోడ దాకా తీసుకుపోయి చూపించి, దారి అయిపోయిందని చెప్పి అక్కడి నుంచే పంపేశాను. చివర్లో వచ్చే ఆయన ఏడీ అని ఆ పట్నం ఆమె అడిగింది. మోటారు సైకిల్ కొన్నాడన్నాను.

తొక్కడం నేను మానలేదు. వాడి ఇల్లు దాటే పోవాలి. అరుగు మీద కూర్చుని అడుగుతాడు, "ఎటు బావా?"

"మేడ్చల్ బజారుకు" అంటాను.

అని తారు రోడ్డు మీదే పోతాను. కల్వర్టు దగ్గర దిగి, గొలుసు చూసుకుంటున్నట్టు కాసేపు కూర్చుంటాను. వెనక బండి చప్పుడు లేదని రూఢి చేసుకున్నాకనే సైకిల్ మట్టిలోకి దింపుతాను.