సారె గంపలో చోడి గింజలు

పంతొమ్మిదివందల ఇరవైల మాట. నర్సీపట్నం పక్కన మా మెట్టకి గెడ్డవాగు నుంచి కాలవ తవ్వుకొచ్చారు. దాని వెంటే ఇనప నాగలి వచ్చింది. చోళ్లు, అదే రాగులు, పండే చేలన్నీ వరిమళ్లయ్యాయి. ఇంట్లో అన్నం ఉడికేసరికి అంబలి అందరికీ లోకువైంది. నిన్నటిదాకా ఆ కుండ చుట్టూ కూర్చున్నవాళ్లే! ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

అమ్మకి ఒక్క చెక్క నేల మిగిలింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న చోడి విత్తనం అందులో వేసుకునేది. నా పెళ్లయిన ఏడు, కోత అవగానే మా అయ్య దాన్నీ మడి చేసేశాడు. అమ్మ వాదించలేదు. గింజలు మూటకట్టి నా సారె గంప అడుగున పెట్టింది. పైన అరిసెలకు బదులు చోడిపిండి, బెల్లం కలిపిన ఉండలు పేర్చింది.

సారె తెస్తే ఊరంతా పంచాలి. రావికమతంలో మా అత్త గంప విప్పి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో, ఇదేటే? సారెలో సోడుండలా? ఊరోళ్లు నవ్విపోరా? బేగి దాసెయ్!"

నాకు ఒళ్లు మండింది. దాచడానికి నేనేమైనా దొంగిలించి తెచ్చానా? గంప చంకనెత్తుకుని గడప గడపకీ నేనే తిరిగాను. కొత్తకోడలే సారె పంచడం ఎక్కడా లేదన్నారు. ఇప్పుడుంది అన్నాను. నవ్వేవాళ్లు నవ్వారు. ముసలమ్మలు మాత్రం నిలబడే తిని, ఇంకోటి అడిగారు.

మూటలోని గింజలు పెరట్లో చల్లాను. అత్త నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

రెండేళ్లకి, మండుటెండలో అయ్య వచ్చాడు. అన్నం వడ్డిస్తే కెలుకుతూ కూర్చున్నాడు.

"అంబలుందేటమ్మా?" అన్నాడు తలెత్తకుండా.

"నీ మడిలో పండనేదేటి?" అన్నాను. అనకుండా ఎలా ఉంటాను? తర్వాత కుండ తెచ్చి, నంజుకోడానికి ఉల్లిపాయ ఇచ్చాను. రెండు ముంతలు తాగాడు.

వెళ్లేటప్పుడు కొత్త గింజలు కొన్ని అయ్య తువ్వాలు కొసకి నేనే ముడివేశాను.

"అమ్మకియ్యి."

"ఎక్కడేత్తాదే? సెక్క నేదు కదా."

"తీసుకున్నది నువ్వే. ఎక్కడిత్తావో నువ్వే సూసుకో."

అయ్య ముడి విప్పకుండానే తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లాడు. ఆ ఏడు అమ్మకి కాలవ గట్టు మీద చోటిచ్చాడని, చోళ్లు బాగా పండాయని పుట్టింటి ఊరి నుంచి ఒకామె వచ్చి సంబరంగా చెప్పింది. అమ్మతో చెప్పమని ఆమెకే తిరుగు కబురిచ్చాను.

"గట్టు సాలదు. సెక్క అడగమను."